పోర్ట్ బ్లెయిర్, లేహ్: ఎంత దూరం, ఎంతసేపు? సిక్కోలు, విజయనగరం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మన వైపు ఇళ్ళలో విమానం మాట వచ్చిందంటే రెండు ఊళ్ళ పేర్లు తప్పకుండా వినపడతాయి. ఒకటి పోర్ట్ బ్లెయిర్. తాతల నాడు పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయిన చుట్టాలు ఎవరో ఒకరు ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్, నికోబార్ దీవుల జనంలో పదోవంతు కన్నా ఎక్కువ మంది తెలుగు మాట్లాడేవాళ్ళే. రెండోది లద్దాఖ్‌లోని లేహ్. ఆర్మీలో ఉన్న కొడుకో, అల్లుడో, తమ్ముడో అక్కడ డ్యూటీలో ఉంటాడు. మా టికెట్ల కౌంటర్ దగ్గర ఈ రెండు ఊళ్ళ గురించి రోజూ అడిగే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాశాం. ధరలు రాయలేదు. పొద్దున్న చూసిన ధర సాయంత్రానికి ఉండదు కాబట్టి రాసినా ఉపయోగం లేదు.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఎంత దూరం?

గాల్లో సూటిగా కొలిస్తే దాదాపు 1,225 కిలోమీటర్లు. విమానాల వాళ్ళు నాటికల్ మైళ్ళలో చెబుతారు, ఆ లెక్కన 660 చిల్లర. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు.

అండమాన్ అనగానే అందరూ చెన్నై వైపు చూస్తారు. కానీ చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 1,370 కిలోమీటర్లు, కోల్‌కతా నుంచి 1,300 పైనే. ఈ మూడింట్లో మన విశాఖే దగ్గర. విమానాలు మాత్రం ఆ రెండు ఊళ్ళ నుంచే ఎక్కువ, ఆ సంగతి కింద చెబుతాం.

ఈ దూరం ఎవరు కొలిచారు? రోడ్డు లేదు కదా, లెక్క ఎలా వేస్తారు?

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు చోట్ల మధ్య అతి దగ్గర దారి ఒక వంపు గీత అవుతుంది. దూరం చూపించే యాప్‌లు, వెబ్‌సైట్లు అన్నీ ఆ గీతనే లెక్కేస్తాయి. వాటికి కావలసింది రెండు విమానాశ్రయాల అక్షాంశం, రేఖాంశం, అంతే. ఇంటర్ చదివే పిల్లలు ఉంటే కాగితం మీదే వేసి చూడొచ్చు.

విశాఖ విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తరం, 83.22 డిగ్రీల తూర్పు. పోర్ట్ బ్లెయిర్ 11.64 ఉత్తరం, 92.73 తూర్పు. అక్షాంశాల తేడా 6.08 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఇది 675 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 9.51 డిగ్రీలు. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ రేఖాంశాలు దగ్గరగా వస్తాయి కాబట్టి ఇక్కడ 111ని అలాగే పెట్టకూడదు, రెండు ఊళ్ళ మధ్య అక్షాంశం (14.68 డిగ్రీలు) కొసైన్‌తో, అంటే 0.967తో గుణించాలి. అప్పుడు 1,021 కిలోమీటర్లు వస్తుంది. ఇక పైథాగరస్ సిద్ధాంతమే. 675 వర్గం, 1,021 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 1,224. వెబ్‌సైట్ చూపించేదానికీ దీనికీ కిలోమీటరో రెండో తేడా. ఇంతోటి దూరానికి ఈ పద్ధతి చాలు, మరీ దూరదేశాలకి మాత్రం పనికిరాదు.

మరి ప్రయాణం ఎంతసేపు?

రెండు గంటలు అనుకోండి. మేం వాడే మోటు లెక్క ఇది: కిలోమీటర్లని 800తో భాగించి, వచ్చిన గంటలకి అరగంట కలపాలి. 1,225ని 800తో భాగిస్తే గంటన్నర, దానికి అరగంట. ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ విమానం పైకి వెళ్ళాక గంటకి 830 కిలోమీటర్ల దాకా పోతుంది కానీ, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ వేగం ఉండదు. ఆ అరగంట అందుకే. రెక్కల ముందు ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ విమానమైతే 800 బదులు 500 పెట్టుకోండి.

టికెట్ మీద 2 గంటల 10 నిమిషాలు ఉంది, పైలట్ మైకులో గంటా నలభై అన్నాడు. ఏది నిజం?

రెండూ నిజమే. టికెట్ మీదది విమానం ఇక్కడ పార్కింగ్ నుంచి కదిలిన దగ్గర్నుంచి అక్కడ పార్కింగ్‌లో ఆగేదాకా పట్టే సమయం. పైలట్ చెప్పేది గాల్లో ఉండే సమయం. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్ళడం, ముందు విమానం లేచేదాకా ఆగడం, దిగాక మళ్ళీ పార్కింగ్‌కి రావడం, ఇవన్నీ టికెట్ లెక్కలో ఉంటాయి. పైగా ఎయిర్‌లైన్ వాళ్ళు కొంచెం వెసులుబాటు కూడా పెట్టుకుంటారు. అందుకే పావుగంట లేటుగా బయల్దేరిన విమానం కూడా ఒక్కోసారి టైముకే దిగుతుంది. పైలట్ తొందరపడి తోలేశాడని కాదు.

వెళ్ళేటప్పుడు ఒక టైమ్, వచ్చేటప్పుడు ఒక టైమ్ ఎందుకు?

గాలి వల్ల. ఇందులో ఒక తమాషా ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకి నేల మీద వీచేది నైరుతి గాలి, అంటే పడమర వైపు నుంచి వచ్చేది. దాన్ని చూసి, పోర్ట్ బ్లెయిర్ తూర్పున ఉంది కాబట్టి వానాకాలంలో విమానం తొందరగా చేరుతుందని చాలామంది అనుకుంటారు. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున సంగతి వేరు. ఆ నెలల్లో మన దక్షిణాది మీద అంత ఎత్తున గాలి తూర్పు నుంచి పడమరకి పోతుంది. కాబట్టి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. చలికాలంలో పైన పడమటి గాలులు వీస్తాయి, అప్పుడు వెళ్ళడం సులువు.

తేడా ఎంత? గంటకి 50 కిలోమీటర్ల గాలి అనుకుందాం. ఎదురైతే విమానం వేగం 830 నుంచి 780కి పడిపోతుంది, తోడైతే 880 అవుతుంది. 1,225 కిలోమీటర్లకి ఒకవైపు 94 నిమిషాలు, ఇంకోవైపు 84. పది నిమిషాల తేడా, అంతకన్నా ఏమీ లేదు. ఉత్తరాదిలో మాత్రం ఇది బాగా తెలుస్తుంది. చలికాలంలో అక్కడ పైన వీచే జెట్ స్ట్రీమ్ గంటకి 150 కిలోమీటర్లు దాటడం మామూలే, అందుకే కోల్‌కతా నుంచి ఢిల్లీ వెళ్ళే విమానానికి ఢిల్లీ నుంచి కోల్‌కతా వచ్చేదానికన్నా ఎక్కువసేపు పడుతుంది.

విశాఖ నుంచి నేరుగా విమానం దొరకకపోతే?

నేరుగా విమానం ఉండడం సీజన్‌ని బట్టి, ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంటుంది. లేని రోజున చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్, బెంగళూరులలో ఏదో ఒక ఊరు మీదుగా వెళ్ళాలి. చెన్నై మీదుగా అయితే 620, 1,370 కలిపి దాదాపు 1,990 కిలోమీటర్లు. కోల్‌కతా మీదుగా దాదాపు 2,080. రెండూ ఇంచుమించు ఒకటే కాబట్టి కిలోమీటర్లు చూసి ఎంచుకోకండి, మధ్యలో ఎంతసేపు కూర్చోవాలో చూడండి. పెద్దవాళ్ళు ఉంటే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా బుక్ చేసుకోండి. విడివిడిగా కొంటే మొదటి విమానం లేటై రెండోది తప్పిపోయినప్పుడు రెండో ఎయిర్‌లైన్ వాడికి ఏ బాధ్యతా ఉండదు. ఆ డబ్బులు పోయినట్టే.

ఒక వెబ్‌సైట్‌లో ఒడిశా జయపురం నుంచి పోర్ట్ బ్లెయిర్ రెండు గంటలే అని ఉంది. మాది సాలూరు, జయపురం దగ్గర కదా. టికెట్ తీస్తారా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ఆ వెబ్‌సైట్ అబద్ధం చెప్పలేదు. జయపురం విమానాశ్రయం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి సూటిగా 1,350 కిలోమీటర్లు, జెట్ విమానం ఆ దూరం రెండు గంటల చిల్లరలో పోతుంది. కానీ అలాంటి విమానం లేదు. జయపురంలో తిరిగింది తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్, ఒకే ఇంజిన్, గంటకి మూడువందల కిలోమీటర్ల వేగం. సముద్రం దాటించే పని దానిది కాదు.

దూరం చూపించే వెబ్‌సైట్‌కి ఏ రెండు ఊళ్ళు ఇచ్చినా ఒక అంకె చెబుతుంది. విమానం ఉందా లేదా అనేది దానికి పట్టదు. మ్యాప్‌లో ఏ రెండు చుక్కలైనా కలపొచ్చు. టికెట్ కావాలంటే మాత్రం ఆ దారిలో తిరిగే విమానం ఉండాలి, దానికి పర్మిషన్ ఉండాలి, నిండేంత జనం ఉండాలి. కాబట్టి ముందు విమానం ఉందో లేదో ఎయిర్‌లైన్ సైట్‌లో చూసుకుని, దూరం తర్వాత చూడండి.

ఇంకోమాట. బుకింగ్‌లో జయపురం బదులు రాజస్థాన్ జైపూర్ ఎంచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఊరి పేరు పక్కన రాష్ట్రం పేరు చదివాకే డబ్బు కట్టండి.

భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి అయితే ఎంత తగ్గుతుంది?

గాల్లో అయితే దాదాపు ఏమీ తగ్గదు. భోగాపురం నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,215 కిలోమీటర్లు, అంటే పది కిలోమీటర్లు తక్కువ. విమానానికి అది ఒక నిమిషం కూడా కాదు. అసలు లాభమంతా రోడ్డు మీద. శ్రీకాకుళం నుంచి విశాఖ పాత విమానాశ్రయానికి 110 కిలోమీటర్ల పైమాటే, అందులోనూ ఆనందపురం దాటిన దగ్గర్నుంచి ఊళ్ళో ట్రాఫిక్. భోగాపురం దాదాపు సగం దూరం, హైవే మీదే. విజయనగరం వాళ్ళకైతే పాతిక కిలోమీటర్ల పని. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఈ విమానాశ్రయం రన్‌వే 3,800 మీటర్లు, పెద్ద విమానాలు కూడా దిగేంత పొడవు. టికెట్ చేతికి రాగానే దాని మీద ఏ విమానాశ్రయం పేరు ఉందో ఒకసారి చదవండి.

శ్రీకాకుళంలో ఇంటి దగ్గర బయల్దేరితే మొత్తం ఎంత పడుతుంది?

పోర్ట్ బ్లెయిర్‌కి నేరుగా విమానం ఉన్న రోజున ఏడు నుంచి ఎనిమిది గంటలు. పాత విమానాశ్రయానికి కారులో రెండున్నర గంటలు పెట్టుకోండి. విమానం టైముకి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. ప్రయాణం రెండు గంటలు. దిగాక సామాన్లు తీసుకుని బయటికి రావడానికి ముప్పావుగంట. "రెండు గంటల ప్రయాణమే కదా, టిఫిన్ ఇక్కడ, భోజనం అక్కడ" అనుకుని కబురు పెట్టేసేవాళ్ళు ఈ లెక్క చూడాలి. మీకోసం అన్నం వండి కూర్చునేది అక్కడి చుట్టాలు.

ఇచ్ఛాపురం వాళ్ళ దారి వేరు. అక్కడ్నుంచి విశాఖ కన్నా భువనేశ్వర్ విమానాశ్రయం దగ్గర. టికెట్ వెతికేటప్పుడు రెండూ చూడండి.

లేహ్ ఎంత దూరం?

విశాఖ నుంచి సూటిగా దాదాపు 1,910 కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు, ఢిల్లీ మీదుగా వెళ్ళడమే వాడుక. విశాఖ నుంచి ఢిల్లీ 1,360 కిలోమీటర్లు, రెండుంపావు గంటల దాకా. ఢిల్లీ నుంచి లేహ్ 620 కిలోమీటర్లు, గంటా ఇరవై. సూటి దారికీ ఢిల్లీ దారికీ డెబ్బై కిలోమీటర్లే తేడా, ఎందుకంటే ఢిల్లీ దాదాపు దారిలోనే ఉంది.

"మా పెద్దోడికి పోర్ట్ బ్లెయిర్ నుంచి లేహ్‌కి బదిలీ అయింది. అక్కడ్నుంచి అక్కడికి ఎంతసేపు?"

దేశంలో ఈ మూల నుంచి ఆ మూలకి. సూటిగా 2,940 కిలోమీటర్లు. మా మోటు లెక్క ప్రకారం నాలుగు గంటల పది నిమిషాలు. కానీ అలా ఏ విమానమూ పోదు కాబట్టి ఆ నాలుగు గంటలు కాగితం మీదే.

జరిగేది ఇది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఢిల్లీ 2,490 కిలోమీటర్లు. నేరుగా దొరికితే మూడున్నర గంటల పైన, కోల్‌కతాలోనో చెన్నైలోనో మారితే ఆరేడు గంటలు. ఢిల్లీలో దిగేసరికి సాయంత్రమో, రాత్రో. లేహ్ విమానాలు దాదాపు అన్నీ పొద్దున్న పూటే కాబట్టి ఆ రాత్రి ఢిల్లీలో గడపాల్సిందే. మర్నాడు తెల్లవారుజామున విమానాశ్రయానికి వెళ్ళాలి. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పొగమంచు వల్ల ఆ విమానం ఎప్పుడు లేస్తుందో గట్టిగా చెప్పలేం. కాబట్టి రెండు రోజులు పెట్టుకోండి. చలికాలమైతే మూడోరోజు కూడా చేతిలో ఉంచుకోవడం మంచిది. సెలవు మీద ఇంటికొచ్చి తిరిగి వెళ్ళే జవాన్లకి కూడా ఇదే మాట చెబుతాం. ఆఖరి రోజు టికెట్ తీసుకోకండి.

సామాను విషయంలో ఒక చిక్కు ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో బయల్దేరినప్పుడు ఒంటిమీద పల్చటి చొక్కా, లేహ్‌లో దిగేటప్పుడు స్వెటర్, జాకెట్, మంకీ క్యాప్. అవి చెక్-ఇన్ పెట్టెలో అడుగున పెట్టేస్తే బెల్టు దగ్గర వణుకుతూ నిలబడాలి. చేతిసంచిలో ఉంచుకోండి.

లేహ్‌కి పొద్దున్న పూటే విమానాలు ఎందుకు?

లేహ్ విమానాశ్రయం సముద్రమట్టానికి 3,256 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తున గాలి పల్చన. ఎండ ఎక్కితే ఇంకా పల్చన అవుతుంది, రెక్కలకి పట్టు దొరకదు, ఇంజిన్‌కి బలం తగ్గుతుంది. పైగా మధ్యాహ్నం అయ్యేసరికి ఆ లోయలో గాలులు విసురుగా మొదలవుతాయి. చుట్టూ కొండలు కాబట్టి దిగడం ఒకవైపు నుంచి, లేవడం దానికి ఎదురువైపుకి. అందుకే అక్కడ దిగడానికి ప్రత్యేక శిక్షణ ఉన్న పైలట్లనే పంపుతారు. వేడి రోజున లేహ్ నుంచి బయల్దేరే విమానంలో కొన్ని సీట్లు ఖాళీగా ఉంచడం, కొంత సామాను తర్వాతి విమానంలో పంపడం జరుగుతుంది. విమానం తేలిగ్గా ఉంటేనే లేస్తుంది మరి.

దిగిన వెంటనే తిరగొచ్చా?

తిరగొద్దు. ఒకటి రెండు రోజులు పడుకుని ఉండాలి, నీళ్ళు బాగా తాగాలి. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్ళో అందేదాంట్లో మూడింట రెండు వంతులే. సముద్రం పక్కన పుట్టి పెరిగిన ఒంటికి విమానం గంటా ఇరవైలో ఆ ఎత్తు చూపించేస్తుంది, అలవాటు పడే టైము ఇవ్వదు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదట్లో మామూలే. ఆయాసం పెరిగినా, మాట తడబడినా, నడక తూలినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్న అమ్మానాన్నల్ని కొడుకు దగ్గరికి తీసుకెళ్ళాలనుకుంటే టికెట్‌కి ముందు డాక్టర్‌ని అడగండి.

పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్ళి విమానం వెనక్కి వచ్చేసిందంటారు, నిజమేనా?

అవుతుంటుంది. హైదరాబాద్‌లో వాన పడితే పక్కన ఇంకో ఊళ్ళో దింపుతారు. పోర్ట్ బ్లెయిర్ పక్కన అలా దింపడానికి వేరే ఊరు లేదు, చుట్టూ సముద్రం. మబ్బు కమ్మేసి రన్‌వే కనపడకపోతే కాసేపు పైనే తిరిగి చూస్తారు, అప్పటికీ తెరిపి ఇవ్వకపోతే ఒడ్డుకి తిరిగి వచ్చేస్తారు. అందుకే ఆ ఇంధనం కూడా లెక్కేసుకుని బయల్దేరతారు. మీరు భయపడాల్సింది లేదు, రోజు మాత్రం పోతుంది. వానాకాలంలో, తుపాన్ల రోజుల్లో వెళ్ళేవాళ్ళు పెళ్ళి ముహూర్తానికి ముందురోజు టికెట్ తీయకుండా రెండు మూడు రోజులు ముందే వెళ్ళండి.

అంతసేపు సముద్రం మీద పోవడం అంటే టెన్షన్‌గా ఉంది.

దారి మధ్యలో ఉన్నప్పుడు కూడా ఏదో ఒక ఒడ్డు 600 కిలోమీటర్ల చిల్లర దూరంలోనే ఉంటుంది. రెండు ఇంజిన్ల జెట్ విమానం ఒక ఇంజిన్ ఆగిపోయినా ఆ దూరం గంటలోపు పోగలదు. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటుంది. దాన్ని తీసి చూడొద్దు, ఎలా వేసుకోవాలో ఎయిర్‌హోస్టెస్ చూపిస్తుంది.

ఓడలో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, విశాఖ నుంచి దాదాపు రెండున్నర రోజులు. కానీ ఓడ ఎప్పుడో గానీ ఉండదు.

అక్కడ టైము మన టైమేనా?

గడియారం మన గడియారమే. సూర్యుడు మాత్రం ముందు వస్తాడు. పోర్ట్ బ్లెయిర్ మన శ్రీకాకుళానికి దాదాపు తొమ్మిది డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అరగంట పైనే తేడా. చలికాలంలో సాయంత్రం ఐదు దాటితే చీకటి పడిపోతుంది. దిగిన రోజు సెల్యులార్ జైలు చూద్దామనుకుంటే మధ్యాహ్నమే బయల్దేరండి.

టికెట్ మీద శ్రీ విజయపురం అని ఉంది, మేం అడిగింది పోర్ట్ బ్లెయిర్.

అదే ఊరు. 2024 సెప్టెంబరులో పేరు మార్చారు. విమానాశ్రయం పేరు మాత్రం వీర్ సావర్కర్ పేరే. మూడక్షరాల కోడ్ చూసుకుంటే గందరగోళం ఉండదు: పోర్ట్ బ్లెయిర్‌ది ఐఎక్స్‌జెడ్, లేహ్‌ది ఐఎక్స్‌ఎల్. చివరి అక్షరం ఒక్కటే తేడా, జాగ్రత్త.

విమానాశ్రయంలో ఫోటోలు తీసుకోవచ్చా?

విశాఖ పాత విమానాశ్రయం, పోర్ట్ బ్లెయిర్ నౌకాదళానివి, లేహ్ వాయుసేనది. రన్‌వే వైపు, విమానాల వైపు ఫోన్ ఎత్తకండి. మనవాళ్ళ ఫోటోలు టెర్మినల్ బయట తీసుకోండి.

ఉద్దానం నుంచి కొబ్బరి, ఇంట్లో పెట్టిన ఆవకాయ తీసుకెళ్ళొచ్చా?

కురిడీ, అంటే ఎండు కొబ్బరి, చేతిసంచిలోనూ వద్దు, చెక్-ఇన్‌లోనూ వద్దు. నూనె ఎక్కువగా ఉండి తనంత తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో అది ఉంది. ఈ మాట నమ్మక, పెట్టెలో అడుగున దాచి, స్కానింగ్ దగ్గర పెట్టె విప్పించుకున్నవాళ్ళు ఉన్నారు. పచ్చి కొబ్బరికాయల సంగతి ఎయిర్‌లైన్‌ని ముందే అడగండి. ఆవకాయ చెక్-ఇన్‌లో పెట్టండి. సీసా వద్దు, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టండి. పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు నూనె బయటికి తన్నుతుంది, అప్పుడు బట్టలన్నీ ఆవకాయే. పలాస జీడిపప్పుకి ఏ అడ్డూ లేదు.

దిగగానే ఫోన్ చేయమంటే అబ్బాయి చేయలేదు. ఏమైందో?

లేహ్ అయితే ముందు ఇది చూడండి, అతనిది ప్రీపెయిడ్ సిమ్మా? జమ్ముకశ్మీర్, లద్దాఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే కలుస్తుంది. బయల్దేరే ముందే మార్పించుకోవాలి. లేకపోతే ఢిల్లీలో విమానం ఎక్కేముందు ఒకసారి ఫోన్ చేసి, అక్కడ తెలిసినవాళ్ళ నంబర్ ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్ళమనండి. విమానం దిగిందో లేదో ఎయిర్‌లైన్ సైట్‌లో విమానం నంబర్ కొట్టి మీరే చూసుకోవచ్చు.